గంప క్రింద కోడి

కళాశాల సంచికలో కోళ్ళ ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మన విద్యార్థులలో చాలమంది ఇళ్ళ పెరళ్ళలో నాలుగైదు కోళ్ళు తిరుగుతూనే ఉంటవి. ఆ గుడ్లు అమ్మిన పైకంతో మా అమ్మగారు మా పరీక్ష రుసుము చెల్లించిన సంవత్సరాలు ఉన్నవి. కనుక ఈ విషయం మాకు చిన్నదిగా తోచదు.

గత వేసవిలో ఒక శుక్రవారం మా ఇంట మూడు పెట్టలు చనిపోయినవి. ఉదయం వాటిని వేపచెట్టు నీడలో గంప క్రింద మూసి, కుక్కల భయం చేత పైన రాయి పెట్టి, జుమా నమాజుకు వెళ్ళాము. ఉదయం చెట్టుకు పడమటగా ఉన్న నీడ మధ్యాహ్నానికి తూర్పునకు జరుగుతుందన్న సంగతి మాకు తట్టలేదు. తిరిగి వచ్చేసరికి గంప నడియెండలో ఉన్నది. ఇరుగుపొరుగువారు తెగులు తగిలిందని ఓదార్చారు. అది తెగులు కాదు, మా అజాగ్రత్త. దాహంతో ఉన్న కుక్కకు నీరు తోడి ఇచ్చినవానికి క్షమాభిక్ష లభించినట్లు హదీసులో ఉన్నది. పిల్లిని బంధించి చంపిన స్త్రీ గతి కూడా అందులోనే ఉన్నది. మేము మసీదులో ఖుత్బా వింటున్న వేళకే మా గంప క్రింద ఆ ప్రాణాలు పోయి ఉంటవి.

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని శరీరపు వేడిమి మామూలుగానే 41 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన ఉంటుంది. గాలి చల్లగా ఉన్నంతవరకు ఎర్రని జుట్టు నుండి, గొంతు క్రింది తోలు నుండి, ఈకలు లేని కాళ్ళ నుండి ఆ వేడి వెలుపలికి పోతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రెంటచింతలలోనో, రామగుండంలోనో 44, 45 డిగ్రీల ఎండ కాచినపుడు గాలియే కోడికంటె వేడెక్కుతుంది. ఇక మిగిలిన మార్గం ఒకటే: ముక్కు తెరచి రొప్పి, ఊపిరితో తడిని వెలువరించడం. గంపలో గాలి ఆడదు గనుక ఆ రొప్పు కూడా వ్యర్థమవుతుంది.

మే నెలలో గుడ్డు పెంకు పలుచబడితే మేత అమ్మినవానిని నిందిస్తాము. రొప్పే కోడి రక్తం నుండి బొగ్గుపులుసు వాయువు అధికంగా పోయి, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేటు తగ్గుతుంది. ఎండకు మేత తినడం తగ్గడంతో సున్నమూ తగ్గుతుంది. ఆల్చిప్పల పొడి కొంత సాయపడవచ్చును గాని, నీడ లేనిచోట అది ఏమి చేయగలదు?

ఇక గూడు. మా ఇళ్ళలో దడ్‌బా అంటారు. ఒకప్పుడు దానికి మట్టి గోడలు, తాటాకు కప్పు ఉండేవి. నేడు ఇనుప రేకు వేసి, దానినే అభివృద్ధి అనుకొంటున్నాము. రేకు తీసివేయనక్కరలేదు. పైన మందంగా వరిగడ్డి గాని తాటాకు గాని పరచి, రెండువైపులా గోడ తీసి ఇనుప వల బిగిస్తే చాలును. తడిపిన గోనెపట్టా పొడిగాలి వీచే ప్రాంతాలలో మేలు చేస్తుంది. బందరు వంటి సముద్రతీర పట్టణంలో, ఉక్కపోత వేళ, మూసిన గూటిలో తడిపట్టా కట్టడం కీడే. మేము గంపను అటక మీద వేసి, వేపచెట్టు చుట్టూ వల కట్టించాము. ఇప్పుడు కోళ్ళే నీడ వెంట జరుగుతున్నవి.

మధ్యాహ్నం భోజనమైన పిమ్మట మిగిలిన అన్నం కోళ్ళకు వేయడం మన గృహిణుల అలవాటు. ఆ వేళ వేయరాదు. మేత అరిగేటపుడు ఒంట్లో వేడి పుడుతుంది గనుక తెల్లవారుజామున, పొద్దువాలిన తరువాత వేయాలి. నీటికి అల్యూమినియపు గిన్నె కంటె మట్టి మూకుడు మేలు. ఒకచోట కాక రెండు మూడుచోట్ల, నీడలో ఉంచాలి. బలమైన కోడి బలహీనమైనదానిని నీటి దగ్గరకు రానివ్వదు. సొమ్మసిల్లిన కోడి నోట బలవంతంగా నీరు పోస్తే శ్వాసనాళంలోకి పోయే ప్రమాదమున్నది. నీడకు చేర్చి జుట్టును, కాళ్ళను తడపాలి.

రానిఖెత్ తెగులు లేదని మా భావం కాదు. టీకా వేయించవలసినదే, అదీ చల్లని ఉదయాన. అయితే వేసవిలో చచ్చిన ప్రతి కోడినీ తెగులు ఖాతాలో వ్రాసుకొనడం మన తప్పును కప్పిపుచ్చుకొనడమే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి సంవత్సరం మార్చి నెలలో, పరీక్షల హడావిడికి ముందు, ఒక పశువైద్యుని పిలిపించి ఉర్దూలోను తెలుగులోను ఒక గంట ప్రసంగం ఏర్పాటు చేయవలెను. జంతుశాస్త్ర విద్యార్థులు కోడి శ్వాసకోశాల పటం గీసి మార్కులు తెచ్చుకొంటున్నారు. ఎండలో రొప్పే కోడిని ఒకసారి చూసి రమ్మని వారిని పంపవచ్చును. ప్రసంగానికి విద్యార్థుల తల్లులను తప్పక ఆహ్వానించాలి. కోళ్ళను చూసుకొనేది వారే. సభ ఉదయం ఎనిమిది గంటలకే మొదలైతే, వారు పొద్దెక్కక ముందే ఇళ్ళు చేరి మూకుళ్ళలో నీరు మార్చగలుగుతారు.