ముక్కుకు ఉప్పునీళ్లు, తలకు మూడు ప్రశ్నలు

చలి మొదలైన దగ్గర్నుంచి మిర్చి సీజను ముగిసేదాకా గుంటూరులో మా మందుల షాపులో రోజూ వినపడే మాట ఒకటుంది. "అక్కా, సైనస్ తలనొప్పి, రెండు బిళ్లలు ఇవ్వు." మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు మోసే ముఠా కూలీలు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంటర్ పిల్లల తల్లులు, అందరిదీ ఇదే మాట. నేను వెంటనే బిళ్లలు తీయను. మూడు ప్రశ్నలు అడుగుతాను. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు చూడలేకపోతున్నారా? కడుపులో తిప్పుతోందా? ఆ పూట పని మానుకుని పడుకోవాల్సి వస్తోందా? మూడింట్లో రెండిటికి అవునన్నారంటే అది సైనస్ కాదు, పార్శ్వపు నొప్పి కావచ్చని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లమంటాను. ఇవి నా సొంత ప్రశ్నలు కావు. మైగ్రేన్‌ను గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడేవే.

2004లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. తమది సైనస్ తలనొప్పి అని నమ్ముతున్న 2,991 మందిని అందులో పరీక్షించారు. 88 శాతం మందిలో కనపడినవి మైగ్రేన్ తరహా లక్షణాలు. ముక్కు దిబ్బడేసి, కళ్లలో నీళ్లు కారుతుంటే మైగ్రేన్ ఎలా అవుతుందని నన్ను చాలామంది అడుగుతారు. మొహమంతా పరుచుకున్న నరం ఒకటే. మైగ్రేన్‌లో అది రేగినప్పుడు ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, కళ్లూ చెమరుస్తాయి. అందుకే ముక్కు పట్టేసినంత మాత్రాన నొప్పి సైనస్‌దే అనుకోవడానికి లేదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న సాయంత్రం, ఎండలో తిరిగొచ్చిన మధ్యాహ్నం, నిద్ర చాలని మర్నాడు వచ్చే నొప్పికి వాము పొట్లం వాసన చూసి లాభం లేదు. అయినా ఏళ్ల తరబడి ఆవిర్లు పట్టి, పట్లు వేసి, బిళ్లలు మింగేవాళ్లు మన చుట్టూ ఎంతమందో. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఈ బిళ్లల అలవాటే. ఉత్త పారాసెటమాల్ నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ల నెలలో 10 రోజులు, ఇలా నెలల తరబడి వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది.

నిజమైన సైనస్ బాధ వేరు. జలుబు చేసిన నాలుగైదు రోజులకు ముక్కు పూర్తిగా పట్టేస్తుంది, చిక్కగా చీమిడి దిగుతుంది, వాసన తెలియదు, బుగ్గలు, కనుబొమ్మల మధ్య బరువెక్కుతాయి, వంగితే ఆ బరువు ముందుకు తోసుకొస్తుంది. మన మొహం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. బుగ్గ ఎముకలో ఉన్నదాని ద్వారం అడుగున కాక పైభాగాన ఉంటుంది. కాబట్టి అందులో ఊరిన తడి దానంతటది కిందికి జారిపోదు. లోపలి గోడల మీద కంటికి కనపడనంత సన్నటి కేశాలు, గాలికి వరిచేను ఊగినట్టు ఒకే వైపుకి ఊగుతూ దాన్ని పైకి తోయాలి. జలుబుకు ఆ ద్వారం వాచి, తడి చిక్కబడితే ఈ పని ఆగిపోతుంది. మంచి ఇంటి వైద్యమంటే ఆ తడిని పలచన చేసి దారి ఇచ్చేదే. నూటికి తొంభై ఎనిమిది జలుబులకు యాంటీబయాటిక్‌తో పని లేదు. పదిరోజులు దాటినా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితేనో అప్పుడు ఆ సంగతి డాక్టరు చూస్తారు.

ఇంట్లో చేసుకునేవాటిలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. మనవాళ్లు దాదాపు వదిలేసిందీ అదే. హఠయోగ ప్రదీపిక ఆరు శుద్ధి క్రియలు చెప్పింది, అందులో నేతి ఒకటి. అక్కడ చెప్పింది దారంతో చేసేది. ఇప్పుడు యోగా క్లాసుల్లో నేర్పే జలనేతిలో చిన్న కొమ్ముచెంబు వాడతారు. బ్రిటన్‌లో మాటిమాటికీ సైనస్‌తో బాధపడే 871 మందితో చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. ఉప్పునీళ్లతో కడుక్కున్నవాళ్లకు ఆరు నెలల తర్వాత కూడా కొంత మేలు కనిపించింది. ఆవిరి పట్టినవాళ్లకు తలనొప్పి కాస్త తగ్గిందే తప్ప మిగతా బాధల్లో మార్పు లేదు.

కొలత తప్పకూడదు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. పావు లీటరుకైతే అర టీస్పూను కంటే కాస్త తక్కువ, దాంతో పాటు చిటికెడు వంటసోడా. ఉప్పు లేని ఉత్త నీళ్లు పోస్తే ముక్కు భగ్గుమంటుంది, రెండోసారి ఎవరూ ఆ జోలికి పోరు. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కుపుటంలో మెల్లగా పోస్తే రెండో దాంట్లోంచి వచ్చేస్తుంది. తర్వాత ముక్కు గట్టిగా చీదకండి, చెవి వైపు పోతుంది. చెవిపోటు ఉన్న రోజుల్లో అసలు చేయొద్దు.

నీళ్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఆఖరికి ఇంట్లో ఫిల్టరు నీళ్లు కూడా నేరుగా ముక్కులో పోయకూడదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు చనిపోయారు. నీళ్లలోని నేగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకి పాకింది. ఇది చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు తక్కువ. కేరళలో 2024లోనూ 2025లోనూ అమీబా మెదడువాపుతో మరణాలు జరిగాయి. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. కనుక నీళ్లు కళపెళా మరిగాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారాక వాడాలి. చెంబునూ అలా మరిగించిన నీళ్లతోనే కడిగి ఆరబెట్టాలి. జలనేతి నేర్పే ప్రతి యోగా మాస్టారూ మొదటి పాఠంగా ఈ మాటే చెప్పాలని నా విన్నపం.

ఇక ఆవిరి. మా నాయనమ్మ వావిలాకు వేసి మరిగించి, దుప్పటి కప్పి కూర్చోబెట్టేది. ఆ కాసేపటికి ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది, ఆ హాయిని నేను కాదనను. వైరస్‌ను మాత్రం అది చంపదు. 2021లో కరోనా రెండో విడతలో రోజుకు ఇన్నిసార్లని లెక్కపెట్టుకుని పట్టినవాళ్లకు కూడా చంపలేదు. మరుగుతున్న గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పిల్లల తొడలు నేను చూశాను. పిల్లలకు ఆవిరి వద్దు. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం కూడా మానేయాలంటాను. ఆ పొగ ఊగాల్సిన కేశాలకే చేటు.

మిరియాల చారు మాత్రం వేడివేడిగా తాగండి, నాటుకోడి పులుసైనా సరే. వేడి ద్రవం తాగితే ముక్కులో తడి త్వరగా కదులుతుందని 1978లోనే అమెరికాలో కొలిచి చూశారు. వాళ్లు తాగించిన వాటిలో కోడి సూపు కూడా ఉంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తర్వాత 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఆ పసుపుపచ్చ సీసా మీద మన అభిమానం ఊరికే వచ్చింది కాదు. తలనొప్పికి నుదుటిన రాసుకుంటే ఉపశమనమే. అయితే మెంథాల్ ముక్కు దిబ్బడను తీయదు. చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసల్ని తాకి, గాలి ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది. శొంఠి గంధం పట్టు కూడా చర్మం దగ్గరే పని చేస్తుంది. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి చంటిపిల్లల ఛాతీకి రాసే అలవాటును మాత్రం గట్టిగా వద్దంటాను. కర్పూరం కాస్త లోపలికి పోయినా పసివాళ్లకు ఫిట్స్ రావచ్చు.

నేను అమ్మే సరుకు గురించి కూడా చెప్పాలి. జలుబు బిళ్లల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోనూ, క్లోర్‌ఫెనిరమైన్‌తో కలిపిన ఆ మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని హెచ్చరించారు. ముక్కులో వేసే చుక్కలు పనిచేస్తాయి, క్షణాల్లో పనిచేస్తాయి. కానీ ఐదు రోజులు మించి వాడితే, ఆపగానే ముక్కు మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ చుక్కలే కావాలి. ఏళ్లుగా జేబులో ఆ సీసా లేనిదే నిద్రపోలేనివాళ్లు నాకు తెలుసు. సీసా చేతికిచ్చేటప్పుడే ఈ గడువు చెప్పడం ప్రతి షాపువాళ్ల బాధ్యత.

కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనపడటం, మెడ బిగుసుకోవడం, తల పగిలిపోయేలా ఒక్కసారిగా వచ్చే నొప్పి ఉంటే వంటింటి వైపు చూడొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క వైపు ముక్కే కంపు కొడుతుంటే పై దంతం చూపించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు ఒక వైపు బుగ్గ మొద్దుబారితే ఒక్క పూట కూడా ఆగకూడదు. 2021లో బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి చేరినవాళ్లలో ఎందరికో అది ఇలాంటి మామూలు ముక్కు బాధలాగే మొదలైంది.

తొడిమలు తీసే మా ఆడవాళ్లకు నేను ఉప్పునీళ్ల కొలత చెబుతాను, సాయంత్రం ఇంటికెళ్లి కడుక్కుంటారు, రాత్రికి హాయిగా ఉంటుంది. పొద్దున్నే మళ్లీ చీరచెంగు ముక్కుకు చుట్టుకుని ఆ మిరప కోరులోనే కూర్చుంటారు. చెంగు ఆ సన్నటి ధూళిని ఆపలేదు. వాళ్లకు దుమ్మును నిజంగా ఆపే మాస్కులు, గాలి ఆడే షెడ్డు, మధ్యాహ్నం మొహం కడుక్కోవడానికి శుభ్రమైన నీళ్లు కావాలి. వాటి ఖర్చు కూలీలది కాదు, పని చేయించుకునే వ్యాపారులది. ఈ సీజను తొలి టిక్కీ దిగేలోపే అవి వాళ్ల చేతికి అందాలి.