బాలింతను పలకరించేదెవరు?

మన ఇళ్లలో పురిటాలు ఒంటరిగా ఉండటం అరుదు. నీళ్లు పోసే ముసలమ్మ, పథ్యం వండే తల్లి, బిడ్డను భుజానేసుకుని తిప్పే పిన్ని, చూసిపోదామని వచ్చి గంటసేపు కూర్చునే పక్కింటావిడ. ఈ సందడంతా చాదస్తమని విసుక్కున్నవాళ్లం మనమే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక గాని, ఆ రాకపోకలు బాలింత మనసును ఎంతగా కాచేవో తెలిసిరాలేదు.

కాన్పుకి పుట్టింటికి చేరాల్సినవాళ్లు చెక్‌పోస్టులు దాటలేక అద్దె గదుల్లోనే ఉండిపోయారు. కొవిడ్ ఉన్నా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాదే చెప్పింది. అయినా భయంకొద్దీ బిడ్డను వేరే గదికి మార్చేసిన చోట్లున్నాయి. అమెరికాలో కూతురికి పురుడు పోయాల్సిన అమ్మలదీ అదే అవస్థ. 2020 మార్చిలో కాన్సులేట్లలో మామూలు వీసాల పని ఆగింది. 2021 మే నుంచి నవంబరు దాకా భారత్ నుంచి ప్రయాణాలపైనే ఆంక్షలు. కాయం ఎలా కలపాలో వీడియో కాల్లో చెప్పగలరు గాని, తెల్లవారుజామున బిడ్డను అందుకుని ‘నువ్వు కాసేపు పడుకోవే’ అనలేరు కదా.

అలాగని పురిటిల్లు స్వర్గమేమీ కాదు. ‘మళ్లీ ఆడపిల్లేనా’ అని నిట్టూర్చే చుట్టాలు రాకపోవడమే కొందరికి ఊరట. కానీ తాగొచ్చి కొట్టే భర్త ఉన్నామెకు పుట్టింటి మూడు నెలలే రక్షణ. ఆమెకు ఆ దారీ మూసుకుపోయింది.

బాలింతల కుంగుబాటును కరోనా కొత్తగా తేలేదు. 38 అధ్యయనాలను, 20 వేల పైచిలుకు భారతీయ తల్లులను లెక్కలోకి తీసుకున్న ఒక సమీక్ష 2017లోనే వచ్చింది. కాన్పు తర్వాత కుంగుబాటు 22 శాతం మందిలో ఉందని తేల్చింది. మొదటి వారం ఏడుపు మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, బిడ్డపై మమకారం కలగక, తనను తానే తిట్టుకుంటుంటే అది జబ్బు. ఇంట్లో మాత్రం దాన్ని గాలి సోకిందంటారు.

దీన్ని పసిగట్టడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. ఆమె చేతిలోని పత్రం తల్లి ఎన్నిసార్లు కడుపునిండా తిన్నదో అడుగుతుంది, రక్తస్రావం ఎంతో అడుగుతుంది. మనసు దగ్గరికొచ్చేసరికి, తల్లి అసంబద్ధంగా మాట్లాడుతోందా, ఫిట్స్ వస్తున్నాయా అన్నదొక్కటే. అంటే పూర్తిగా చెదిరిపోయిన తల్లే ఆ పత్రం కంటపడుతుంది.

బాలింతల కుంగుబాటును పసిగట్టేందుకు 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నావని అడుగుతాయి. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం ఐదు నిమిషాల పని. తల్లుల మనసు కోసమే కేరళ ‘అమ్మ మనసు’ నడుపుతోంది. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్ తెచ్చింది, దోమతెర నుంచి చీర దాకా అన్నీ పెట్టింది. మంచి పథకమే, కానీ ఆ సంచిలో ఈ పది ప్రశ్నలకు చోటు దొరకలేదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ వీటిని ఆశా పత్రంలో చేర్చాలి, జవాబులు చూసే బాధ్యతను పీహెచ్‌సీ డాక్టరుకు అప్పగించాలి.

ఈలోగా 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.