బ్యాటరీ అద్దె: పాలా? మక్తానా?

రాజమహేంద్రవరం: విద్యుత్ కారు ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. దానిని కొనకుండా అద్దెకు తీసుకుంటే మొదట పెట్టవలసిన సొమ్ము లక్షల్లో తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో జె.ఎస్.డబ్ల్యు. ఎం.జి. మోటార్ సంస్థ విండ్సర్ కారును ఈ పద్ధతిలో విడుదల చేసింది. బ్యాటరీ లేకుండా 9.99 లక్షల రూపాయలు, ఆపై కిలోమీటరుకు 3.50 చొప్పున అద్దె. బ్యాటరీతో సహా కొంటే అప్పట్లో ప్రారంభ ధర సుమారు 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు. ధరలు ఆ తరువాత మారినా, లెక్క వేసుకునే తీరు మాత్రం ఇదే.

ప్రకటనల్లో ప్రముఖంగా కనిపించేది కిలోమీటరు రేటు. తిరిగితేనే అద్దె, నిలిపి ఉంచితే లేదన్న భావన కలగడం సహజం. కౌలు సేద్యం తెలిసిన డెల్టా వాసుల మాటల్లో చెప్పాలంటే ఇది పాలు పద్ధతి. పండినదానిలో వాటా ఇవ్వడమే. అయితే విడుదల సమయంలో వెల్లడైన షరతుల ప్రకారం నెలకు కనీసం 1,500 కిలోమీటర్లకు అద్దె చెల్లించాలి. అంటే కారు కదిలినా, కదలకపోయినా నెలకు 5,250 రూపాయలు. ఇది మక్తా. చేను మునిగినా శిస్తు కట్టక తప్పదు. 1,500 కిలోమీటర్లు దాటితే మళ్లీ పాలే. తక్కువ తిరిగినపుడు మక్తా, ఎక్కువ తిరిగినపుడు పాలు కావడంతో రెండు విధాలా లాభం బ్యాటరీ యజమానిదే. పొలం విషయంలో ఇటువంటి ఒప్పందానికి డెల్టాలో ఏ కౌలు రైతూ తలూపడు.

తక్కువ తిరిగితే పెట్రోలే చవక

అమలాపురంలోనో, భీమవరంలోనో నెలకు 600 కిలోమీటర్లు మాత్రమే తిరిగే కుటుంబాన్ని తీసుకుంటే, కిలోమీటరుకు పడే అద్దె 3.50 కాదు, 8.75. ఇంటి వద్ద ఛార్జింగ్ ఖర్చు మరో ఒకటిన్నర రూపాయి వేసుకుంటే మొత్తం పది రూపాయలు దాటుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 110 రూపాయల లెక్కన, అయ్యేది సుమారు 7.30 మాత్రమే. ఇంధన ఖర్చు తగ్గించుకోవడానికి విద్యుత్ కారు కొన్నవారు ఎక్కువ ఖర్చు భరించవలసి రావడం విచిత్రం.

ఎక్కువ తిరిగేవారి పరిస్థితీ అంతే. రాజమహేంద్రవరం నుంచి కాకినాడకు రోజూ వెళ్లి రావడానికి సుమారు 130 కిలోమీటర్లు. నెలలో 25 రోజులకు అద్దె 11,375 రూపాయలు. ముప్పై ఒకటవ నెలకే బ్యాటరీ విలువ అయిన మూడున్నర లక్షలు చెల్లించినట్లవుతుంది. బ్యాటరీ మాత్రం సొంతం కాదు.

అదే మూడున్నర లక్షలు 9.5 శాతం వడ్డీపై అయిదేళ్లకు అప్పు తెచ్చి కొంటే నెల వాయిదా సుమారు 7,350 రూపాయలు. నెలకు 2,100 కిలోమీటర్ల లోపు తిరిగేవారికి చేతి నుంచి పోయే సొమ్ము అద్దె పద్ధతిలోనే తక్కువన్నది నిజమే. కనీస అద్దె చెల్లించేవారికి అయిదేళ్లలో 1.26 లక్షలు మిగులుతాయి. కానీ ఆరు, ఏడు సంవత్సరాల అద్దెతో ఆ మిగులు పూర్తిగా కరిగిపోతుంది. కొన్నవారికి అప్పటికి వాయిదాలు ఉండవు. మొత్తం మీద నెలకు 1,500 నుంచి 2,100 కిలోమీటర్లు తిరుగుతూ, నాలుగైదేళ్లలో కారు మార్చే ఉద్దేశం ఉన్నవారికే ఈ అద్దె అనుకూలం. బ్యాటరీ పాడవుతుందన్న భయంతో అద్దెకు మొగ్గు చూపవలసిన అవసరం కూడా తగ్గింది. సొంత వినియోగానికి కొన్న తొలి యజమానికి విండ్సర్ బ్యాటరీపై జీవితకాల వారంటీని కంపెనీయే ప్రకటించింది.

మళ్లీ అమ్మేటప్పుడు?

బ్యాటరీ లేని వాహనాల అమ్మకానికి, రిజిస్ట్రేషనుకు వీలు కల్పిస్తూ కేంద్ర రవాణా శాఖ 2020 ఆగస్టులోనే రాష్ట్రాలకు సూచనలు పంపింది. కాబట్టి చట్టపరంగా చిక్కు లేదు. చిక్కంతా పాత కారు అమ్మకంలో ఉంది. ఐరోపాలో రెనో సంస్థ జోయీ కారును తొలినాళ్లలో బ్యాటరీ అద్దె పద్ధతిలోనే అమ్మింది. అటువంటి పాత కారు కొన్నవారు అద్దె ఒప్పందాన్నీ తమ పేరిట మార్చుకోవలసి వచ్చేది. ఆ భారం వద్దనుకున్నవారు వెనుకాడేవారు. కాలక్రమంలో రెనో ఆ పద్ధతినే విరమించింది.

ఇక కోనసీమకు ప్రత్యేకించి మరో ప్రశ్న ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినపుడు లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటి వరదలో కారు మునిగితే అందులోని బ్యాటరీ వేరొకరి ఆస్తి. దాని బీమా ఎవరి పేరిట ఉంటుంది, పరిహారం ఎవరికి చేరుతుంది, కారు షెడ్డులో ఉన్న నెలలకూ కనీస అద్దె కట్టాలా అన్నవి సంతకానికి ముందే ఫైనాన్స్ సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవలసిన వివరాలు. ఈ షరతులు ఒక్కో ఫైనాన్స్ సంస్థకు ఒక్కో విధంగా ఉంటున్నాయి.