పంపు మార్చే ముందు

ఖరగ్‌పూర్‌లో తెలుగు ఇంటి పిల్లలకు వర్క్‌షాప్ సైరన్ కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చిన మన పెద్దవాళ్లలో చాలామంది ఆ వర్క్‌షాప్‌లో పనిచేసినవాళ్లే. మా తాతయ్య కూడా అక్కడ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక పాత పెట్రోల్ అంబాసిడర్ ఉంది. ఈ వేసవిలో ఆ కారు వల్ల మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. దాని గురించి నా అభిప్రాయం చెబుతాను.

మే నెల ఎండలో పూరీగేట్ దగ్గర కారు ఆగిపోయింది. తాతయ్య బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేశారు. కాసేపటికి కారు కదిలింది. పాత అంబాసిడర్ నడిపినవాళ్లందరికీ ఈ చిట్కా తెలుసు. దీని పంపు ఇంజన్‌కి ఆనుకొని ఉంటుంది. ఆ వేడికి లోపలి పెట్రోల్ ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. చల్లబడితే మళ్లీ పని మొదలుపెడుతుంది. కానీ మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూడా కారు రెండుసార్లు ఆగింది.

సరిగ్గా అప్పుడే నాన్నకి చక్రధర్‌పూర్ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. "ఈ గొడవంతా ఎందుకు నాన్నా, పాత ఇనుము కింద అమ్మేద్దాం" అన్నారు. తాతయ్య ఏమీ మాట్లాడలేదు. నాన్నే ఒక గ్యారేజీకి తీసుకెళ్లారు. వాళ్లు చూసీ చూడగానే "పంపు పోయింది" అని, వేరే కారుకి వాడే కరెంటు పంపు బిగించి పంపారు. ఇంటికి వచ్చేసరికి బానెట్ కింద పెట్రోల్ వాసన గుప్పుమంది. కార్బొరేటర్ లోంచి పెట్రోల్ పొంగి వేడి ఇంజన్ మీద పడుతోంది. తాతయ్య వెంటనే ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు పీకేసి, మమ్మల్నందరినీ దూరంగా నిలబెట్టారు. నిప్పురవ్వ పడి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

తప్పు ఎక్కడ జరిగింది? కార్బొరేటర్ ఉన్న కారుకి సుమారు 3 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. లోపల ఒక తేలే బుడ్డి, దానికి ఒక చిన్న సూది ఉంటాయి. బుడ్డి పైకి తేలగానే సూది దారి మూసి పెట్రోల్‌ని ఆపుతుంది. ఎంపీఎఫ్‌ఐ కార్ల పంపు 40 పీఎస్‌ఐ దాకా నెడుతుంది. ఆ తోపుకి ఈ సూది ఆగదు. బలమైన పంపు మంచి పంపేనని మనం అనుకుంటాం. కానీ ఆ ఇంజన్‌కి సరిపోయేదే మంచి పంపు. ఇది నా మొదటి మాట.

రెండో మాట ఇంకా ముఖ్యం: పాడైంది అదేనని తేలకుండా దేన్నీ మార్చకూడదు. తాతయ్య పాత పంపునే తిరిగి బిగించి పరీక్ష మొదలుపెట్టారు. ముందు ట్యాంకులో పెట్రోల్ ఉందా, మూతకుండే గాలి రంధ్రం పూడిపోయిందా, ఫిల్టర్‌లో చెత్త ఉందా అని చూశారు. తర్వాత స్పార్క్ రాకుండా కాయిల్ వైరు తీసి, కార్బొరేటర్‌కి వెళ్లే గొట్టాన్ని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. ధార రాలేదు, బుడగలు వచ్చాయి. బుడగలంటే గాలి. వెతికితే ట్యాంకు వైపు రబ్బరు గొట్టం చీలి ఉంది. అక్కడ పెట్రోల్ కారదు, గాలి లోపలికి పోతుంది. గొట్టం మార్చాక బుడగలు పోయాయి గానీ ధార ఇంకా సన్నగానే ఉంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి నన్ను వాసన చూడమన్నారు. ఆయిల్‌కి పెట్రోల్ వాసన! పంపులోని డయాఫ్రం చిరిగి, పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట. అంటే గ్యారేజీ వాళ్ల మాట సగం నిజమే. కానీ గొట్టం సంగతి తెలియకుండా సరైన పంపే వేసినా కారు మళ్లీ ఆగేది, అప్పుడు కొత్త పంపుని తిట్టుకునేవాళ్లం.

మరి కొత్త పంపు ఎక్కడ దొరుకుతుంది? అంబాసిడర్ తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. హౌరా మెయిన్ లైన్‌లో హింద్ మోటార్ అనే స్టేషన్ మాత్రం మిగిలింది. అందుకే లోకల్ ఎక్కి కోల్‌కతా మల్లిక్ బజార్‌కి వెళ్లాం. పాత పంపుని గుడ్డలో చుట్టి తీసుకెళ్లాం. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకేలా కనిపించిన మూడు పంపుల్లో ఒకదాని చెయ్యి పొట్టి. ఇంజన్‌లోని క్యామ్ షాఫ్ట్ కొట్టేది ఆ చెయ్యినే. పొట్టిదైతే పెట్రోల్ సరిగా రాదు, పొడవైతే విరుగుతుంది. రెండోది ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న కంపెనీ సరుకు. నాకు అదే నచ్చింది. తాతయ్య వద్దన్నారు. డబ్బాలో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రకం రబ్బరు దానికి తట్టుకోదు. కొలతలు సరిపోయి, ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరున్న కొత్తదాన్నే బిల్లుతో కొన్నాం.

బిగించడానికి రెండే బోల్టులు. కానీ పాత ప్యాకింగ్ పూర్తిగా గీకి, అంతే మందం ఉన్న కొత్త ప్యాకింగ్ వేసి, చెయ్యి క్యామ్ మీద సరిగా కూర్చుందని చూసి, రెండు బోల్టులనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించారు. పెట్రోల్ కలిసిన ఆయిల్ పారబోసి కొత్తది పోశారు. పక్కన ఇసుక బకెట్ పెట్టుకున్నారు. ఇది పెద్దవాళ్లు చేసే పని. మనం చూసి నేర్చుకోవాలే గానీ ఒంటరిగా చెయ్యకూడదు.

నాన్న మాటలో న్యాయం లేదని అనను. పాత కారు పొగ ఎక్కువ వదులుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితే దాన్ని వదిలెయ్యాల్సిందే, తాతయ్య కూడా అదే అంటారు. కానీ పరీక్షించి వదలడం వేరు, విసుగొచ్చి వదలడం వేరు. మనం ట్రాన్స్‌ఫర్ పిల్లలం. మూడేళ్లకోసారి సామాను సర్దేటప్పుడు ఫ్యాను, సైకిల్, మిక్సీ ఏది మొరాయించినా "అక్కడ కొత్తది కొందాంలే" అనేస్తాం. అలా అనడం మనకి అలవాటైపోయింది. అందులో మనకి పోయేది వస్తువొక్కటే కాదు, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకునే అవకాశం కూడా.

కారు ఇప్పుడు తాతయ్యతో ఖరగ్‌పూర్‌లోనే ఉంది. మేం చక్రధర్‌పూర్ వెళ్లే రోజు స్టేషన్‌కి అందులోనే వెళతామని నాన్నే అన్నారు. మిత్రులారా, ఈసారి మీ ఇంట్లో ఏదైనా పాడైతే అమ్మేసే ముందు రెండే ప్రశ్నలు అడగండి. పాడైంది ఏది? అదేనని ఎలా తెలిసింది?

— పదకొండవ తరగతి విద్యార్థిని