పెచ్చు ఊడనంత వరకే

"జెట్ ఇంజిన్‌లో మంట వేడి 1500 డిగ్రీలు దాటుతుందంటారు. నికెల్ 1455 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి నికెల్‌తో చేసిన బ్లేడ్లు అందులో ఎలా తిరుగుతున్నాయి?" అని ఒక పాఠకుడు అడిగారు. మంచి ప్రశ్న. జవాబు మాత్రం తేలికే. బ్లేడు లోపల బోలుగా ఉంటుంది. సన్నటి దారుల గుండా అందులోకి కాస్త చల్లటి గాలి పంపుతారు. పైన సెరామిక్ పూత ఉంటుంది. దాంతో లోహం వేడి 1000, 1100 డిగ్రీల దగ్గర ఆగుతుంది.

నన్ను అంతకన్నా తొలిచే ప్రశ్న ఇంకోటుంది. కరగలేదు, సరే. ఎర్రగా కాగిన లోహం మీదికి వేగంగా వేడిగాలి కొడుతూనే ఉంటే, అందులో ఆక్సిజన్ ఉంటే, అది తుప్పు పట్టి రాలిపోదేం?

తుప్పు పడుతుంది. పట్టాలి కూడా.

ఇనుప గేటు తుప్పు వదులుగా ఉంటుంది. గాలీ నీళ్లూ దాన్ని దాటుకుని లోపలికి పోతూనే ఉంటాయి, గేటు తరిగిపోతూనే ఉంటుంది. అదే మన వంటింట్లో అల్యూమినియం గిన్నె చూడండి. దాని మీదా ఆక్సిజన్‌తో కలిసిన పొర ఉంది, కానీ కంటికి కనపడనంత పల్చగా, గట్టిగా అతుక్కుని ఉంటుంది. గీకితే మళ్లీ పుడుతుంది. సూపర్ అల్లాయ్ బ్లేడు ఈ కిటుకు మీదే బతుకుతోంది. అందులో నికెల్‌దే పెద్ద వాటా. నూటికి ఐదో ఆరో పాళ్లు అల్యూమినియం. నికెల్ కన్నా అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే మహా ఇష్టం, అందుకే పైకి వచ్చి ముందు అదే అంటుకుంటుంది. అలా ఏర్పడే పొర పేరు అల్యూమినా. కెంపు, నీలం రాళ్లు కూడా రసాయనపరంగా ఇదే పదార్థం. కొరండం అని ఇంగ్లీషులో అంటారు చూశారూ, దాని మూలం తమిళ మాట కురుందం. మన కురువిందం కూడా ఆ కుటుంబానిదే. అంటే టర్బైన్ బ్లేడు కొన్ని మైక్రాన్ల మందం ఉన్న రత్నం చొక్కా తొడుక్కుని తిరుగుతోందన్నమాట.

దీనికి తాతలాంటిది మనలో చాలామంది వాడిందే. హాస్టల్ గదిలో వార్డెన్‌కి తెలీకుండా మ్యాగీ వండుకున్న కాయిల్ స్టవ్! అలాంటి కాయిల్స్‌కు వాడే నిక్రోమ్ తీగలో నూటికి 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. దాన్ని కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర. 1940ల మొదట్లో బ్రిటన్‌లో జెట్ ఇంజిన్ల కోసం ఈ నిక్రోమ్‌కే టైటానియం, అల్యూమినియం కలిపి నిమోనిక్ లోహాలు తయారుచేశారు. అయితే 1000 డిగ్రీలు దాటాక క్రోమియం పొర మెల్లగా ఆవిరైపోవడం మొదలుపెడుతుంది. అందుకే బాగా వేడెక్కే బ్లేడ్లలో ఇప్పుడు క్రోమియం తగ్గించి కాపలా పని అల్యూమినియానికి అప్పగించారు.

ఈ పొర పెరిగే తీరు నాకు భలే నచ్చుతుంది. మందం పెరిగేకొద్దీ ఆక్సిజన్ దాన్ని దాటి లోపలికి రావడం కష్టమవుతుంది, కాబట్టి పెరుగుదల తనంతట తానే నెమ్మదిస్తుంది. లెక్క కోసం, వంద గంటల్లో ఒక మైక్రాన్ పెరిగిందనుకోండి. రెండు మైక్రాన్లు కావాలంటే నాలుగొందల గంటలు, మూడు కావాలంటే తొమ్మిదొందల గంటలు. వేడిలో అలాగే వదిలేస్తే పెద్ద చిక్కే లేదు.

చిక్కంతా చల్లార్చినప్పుడు. చల్లారేటప్పుడు లోహం, పైనున్న అల్యూమినా కన్నా దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది. పొరకు చోటు చాలదు, నలిగి, ఉబ్బి, పాత గోడ మీది సున్నంలా పెచ్చులు ఊడుతుంది. ఊడినచోట మళ్లీ కొత్త పొర. దానికి కావలసిన అల్యూమినియం ఎక్కడిది? బ్లేడు లోపలిదే. ప్రతి పెచ్చుకీ నిల్వ తరుగుతుంది. అది అడుగంటిన రోజున నికెలే ఆక్సిజన్‌కు దొరుకుతుంది. నికెల్ ఆక్సైడ్ చాలా వేగంగా పెరుగుతుంది, కాపాడటం దాని వల్ల కాదు.

అందుకే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినా, ఢిల్లీ వెళ్లినా ఇంజిన్ లెక్కలో ఒక సైకిలే. గంటలతో పాటు సైకిళ్లనూ లెక్కపెడతారు. ల్యాబులోనూ ఇంతే. ముక్కను గంటసేపు కాల్చి, చల్లార్చి, తూకం వేసి, మళ్లీ కాలుస్తారు, వందల సార్లు. మొదట్లో ఆక్సిజన్ చేరి బరువు పెరుగుతుంది. గ్రాఫు కిందికి తిరిగిందంటే పెచ్చులు రాలుతున్నట్టు.

పెచ్చు ఊడకుండా ఆపేది చిటికెడు ఇట్రియం లాంటి మూలకం. ఇలాంటి అరుదైన లోహాలు కలిపితే హీటర్ తీగ ఎక్కువ కాలం మన్నుతుందని 1937 నాటికే పేటెంటు ఉంది. ఎందుకు మన్నుతుందో మాత్రం తేలలేదు. పొరను మేకుల్లా పట్టి ఉంచుతుందని కొందరన్నారు. 1980ల్లో అమెరికా పరిశోధకులు అసలు దొంగను పట్టుకున్నారు: గంధకం. లోహంలో పది లక్షల పాళ్లకు కొన్ని పాళ్లే ఉన్నా, వేడికి అది పొర కిందికి చేరి అతుకును బలహీనం చేస్తుంది. ఇట్రియం ఆ గంధకాన్ని ముందే కట్టిపడేస్తుంది. గంధకాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తే ఇట్రియం లేకుండానే పొర అతుక్కుని ఉంది! నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ (మన దగ్గర ఇదేం వింత కాదు). "ఈ లైను తీయకండి, ఎందుకో తెలీదు కానీ తీస్తే పడిపోతుంది" అని కామెంటు ఉన్న కోడ్ మాకు కొత్త కాదు. లోహాల వాళ్లు అలాంటి లైనుతో ఏళ్ల తరబడి పని నడిపారు.

సముద్రపు గాలి పీల్చే ఇంజిన్లకు ఇంకో గండం. ఉప్పులోని సోడియం, ఇంధనంలోని గంధకం కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది, అది కరిగి పొరనే తినేస్తుంది. తీరంలో తిరిగే ఇంజిన్లను మంచినీళ్లతో కడిగేది అందుకే.

2021 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్, ఒకే స్ఫటికంగా పోతపోసిన 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. గర్వపడాల్సిన పనే. కానీ అలాంటి వార్త కనిపిస్తే నేను ముందు వెతికేది పూత గురించి. స్ఫటికం బ్లేడు సాగిపోకుండా ఆపుతుంది, పూత కాలిపోకుండా ఆపుతుంది. రెండోది లేకుండా మొదటిది ఎన్నాళ్లో నిలవదు. పూత అంటే ముఖ్యంగా బ్లేడు పైభాగంలోకి వేడితో అల్యూమినియం ఇంకించడం, నిల్వ నింపిపెట్టడం. అది అయిపోయాక పాత పూత తీసేసి కొత్తది వేస్తారు. తీసినప్పుడల్లా దాంతోపాటు కాస్త అసలు లోహమూ పోతుంది. బ్లేడు గోడ పల్చబడుతుంది. అందుకే ఒక బ్లేడుకు ఇది కొన్నిసార్లే కుదురుతుంది, ఆ తర్వాత పక్కన పెట్టేయడమే.