నమాజు యాప్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మొన్న ఖాలాజాన్ తన కొత్త ఫోను నా చేతికిచ్చి, “బేటా, ఇందులో నమాజు వేళలు చూపే యాప్ ఒకటి పెట్టు” అన్నారు. తెరిచి చూస్తే, ఆమె వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు ఒకటి ఉంది. పేరు ‘షాదీ కార్డు’, చివర ‘ఏపీకే’. అల్‌హందులిల్లాహ్, ఆమె దానిని ఇంకా నొక్కలేదు. ఏపీకే అంటే ఫొటో కాదు, పత్రమూ కాదు. ఫోనులో స్థిరపడే యాప్. అడిగిన అనుమతులన్నీ ఇచ్చామంటే మన ఎస్సెమ్మెస్‌లు చదివి, బ్యాంకు పంపిన ఓటీపీని మోసగాడికి చేరవేయగలదు. పెళ్ళి పిలుపులు, ట్రాఫిక్ చలానాల పేరిట ఇటువంటివి మన దేశంలో ఎన్నో తిరుగుతున్నాయి. దానిని వెంటనే తొలగించాను.

మరి ప్లే స్టోర్ నుంచి తెచ్చుకుంటే నిశ్చింతేనా? మోసపు యాప్‌ల బెడద అక్కడ చాలా తక్కువ, నిజమే. కాని గోప్యత వేరే విషయం. కోట్లాదిమంది వాడే ‘ముస్లిం ప్రో’ అధికారిక స్టోర్లలో లభించే యాప్. దాని వినియోగదారులు ఎక్కడెక్కడ ఉన్నదీ తెలిపే సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందనీ, ఆ సంస్థ కొనుగోలుదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారనీ 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక వెల్లడించింది. ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నామని యాప్ యాజమాన్యం ప్రకటించింది. మరుసటి నెలలోనే యాపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్-మోడ్ కోడ్‌ను తమ స్టోర్లలోని యాప్‌ల నుంచి తీసివేయించాయి. ఖిబ్లా కోసం ఇచ్చిన అనుమతి ఎక్కడిదాకా పోయిందో చూడండి!

అందుకే ఇటువంటి చిన్న అవసరాలకు నేను ఎఫ్-డ్రాయిడ్ వైపు మొగ్గుతాను. ఇది 2010 నుంచి ఉన్న ఉచిత యాప్‌ల భాండాగారం. ఖాతా అడగదు. మూలకోడ్ బహిరంగంగా ఉన్న యాప్‌లనే స్వీకరిస్తుంది. నిఘా, ప్రకటనలు ఉన్నవాటి పక్కన హెచ్చరిక పెడుతుంది. నమాజు వేళల యాప్‌లూ అందులో దొరుకుతాయి. దానిని దాని సొంత వెబ్‌సైటు నుంచే దింపుకోవాలి. అందుకోసం బ్రౌజరుకు ఇచ్చిన ‘తెలియని యాప్‌ల’ అనుమతిని పని పూర్తికాగానే సెట్టింగ్స్‌లో తిరిగి ఆపివేయాలి. ఇది చాలామంది మరచిపోతారు. కొత్త వెర్షన్లు కాస్త ఆలస్యంగా రావడం ఇందులోని లోపం. బ్యాంకు, యూపీఐ యాప్‌లు అక్కడ ఉండవు. వాటికి ప్లే స్టోరే సరైన చోటు. గూగుల్ ఖాతా లేకుండానే ప్లే స్టోర్ యాప్‌లను తెచ్చే అరోరా స్టోర్ కూడా ఉంది గాని, గూగుల్ నియమాలు దానిని ఒప్పుకోవు. ఇంట్లో పెద్దల ఫోన్లకు అది వద్దనే అంటాను.

ఏ యాప్ అయినా మన ఇంటి ఆనవాలు దానికి అక్కరలేదు. మన ప్రాంతంలో తూర్పు పడమరలుగా సుమారు 25 కిలోమీటర్లు జరిగితే నమాజు వేళలో వచ్చే తేడా ఒక్క నిమిషమే. ఊరి పేరు చాలు. ఖాలాజాన్ ఫోనులో లొకేషన్ అనుమతి నిరాకరించి, ‘గుంటూరు’ అని టైపు చేశాను. ఆ సాయంత్రం ఫోనులో మగ్రిబ్ అజాన్ మోగేసరికి మా వీధి మసీదు నుంచీ అజాన్ వినిపించింది.