ముఖద్వారం ఆర్చి కన్నా మిద్దె మీద ఏరియల్ మేలు



వచ్చే సర్వసభ్య సమావేశంలో మిగులు డబ్బు సంగతి చర్చకు వస్తుంది. ముఖద్వారానికి ఆర్చి కట్టించాలని కొందరంటున్నారు. మా మాట వేరు. మన సంఘం మిద్దె మీద పాత కుర్చీలు వేసి పెట్టిన గది ఒకటి ఉంది. దాన్ని ఖాళీ చేసి, ఉపగ్రహాల ద్వారా మాట్లాడే హామ్ రేడియో స్టేషను పెట్టాలి. నవ్వేవాళ్లు నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ఇది ప్రభుత్వాలకు, పెద్ద కంపెనీలకు మాత్రమే చెందిన పని కాదు. 1961 డిసెంబర్ 12న అమెరికాలో అమెచ్యూర్ రేడియో వాళ్లు సొంతంగా చేసిన ఆస్కార్-1 అనే చిన్న ఉపగ్రహం పైకి పోయింది. అది చెప్పిందల్లా మోర్స్‌లో 'హాయ్' అనే ఒక్క మాట: నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. మన దేశం కూడా ఊరుకోలేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ పోయింది. 42.5 కిలోల బరువు. 2014 జులై దాకా, తొమ్మిదేళ్లు, ప్రపంచమంతటి హాములకు పనిచేసింది. పెరంబూరు మిద్దెల మీద నిలబడి శ్రీహరికోట రాకెట్టు పొగ చూసి చప్పట్లు కొట్టే మనం, ఆ పైకి పోయినదానితో మాట్లాడవచ్చని పిల్లకాయలకు ఎప్పుడు చెప్పాము?

ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే హాముల రిపీటరు ఉంది. కింద నుంచి 145.990 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే, అది 437.800లో తిరిగి వినిపిస్తుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, 90 నిమిషాలకు ఒక చుట్టు వేగంతో పోతుంది. మన నెత్తి మీదికి వచ్చినప్పుడు, చుట్టూ సుమారు 2,200 కిలోమీటర్ల మేర దాని చూపులో ఉంటుంది. ఆ వృత్తంలో హోసూరు ఉంది, బళ్లారి ఉంది, షోలాపూరు, భివండీ ఉన్నాయి, బరంపురం, యానాం ఉన్నాయి, మన రైల్వే తెలుగువాళ్లుండే ఖరగ్‌పూరూ ఉంది. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో భాష బడిలో చదివి, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే మనమందరమూ ఆ పది నిమిషాలు ఒకే గొడుగు కింద ఉంటాము. ఏ మహాసభా ఇంతమందిని ఒకచోటికి చేర్చలేదు.

రైల్వేలో పనిచేసినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. ఉపగ్రహం ఎన్ని గంటలకు, ఏ దిక్కున లేచి, ఏ దిక్కున దిగుతుందో సెకన్లతో సహా ముందే లెక్క వస్తుంది. అదే దాని టైంటేబుల్. ప్లాట్‌ఫారం మీద నిలబడితే, వచ్చే బండి కూత సన్నగా, దాటిపోయిన బండి కూత బొంగురుగా వినిపిస్తుంది కదా. రేడియోకూ అంతే. వచ్చేటప్పుడు 437.810 దగ్గర వినాలి, పోయేటప్పుడు 437.790 దగ్గరికి దించుకుంటూ రావాలి. స్టేషను కోడ్ మాదిరి, భూమి మీద ప్రతి చోటికీ హాములకు ఒక కోడ్ ఉంది. పెరంబూరు ఎన్‌కే03, అరక్కోణం ఎంకే93. పిలుపు పేరు, ఈ కోడ్, ఎంత బాగా వినిపించింది అనే మాట, అంతే సంభాషణ. రిపీటరులో ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలి. మన సమావేశాలకు వచ్చేవాళ్లు ఈ ఒక్కటి నేర్చుకున్నా చాలు!

ఖర్చు అడుగుతారు. ఆర్చికి అయ్యేంత కాదు. రెండు బ్యాండ్ల చేతి సెట్లు, మందపాటి కేబుల్, బ్యాటరీ, మంచి ఎర్త్. యాగీ ఏరియల్‌ను పీవీసీ పైపు, స్టీలు కొలత టేపు ముక్కలతో పిల్లకాయలే చేసుకోవచ్చు. 145కు సుమారు మీటరు ముక్కలు, 437కు సుమారు అడుగు ముక్కలు. కేబుల్ పొడుగయ్యేకొద్దీ సిగ్నల్ తగ్గిపోతుంది. అందుకే మిద్దె మీది గదినే అడుగుతున్నాము, కింద ఆఫీసు గది వద్దు.

కానీ సెట్టు ముందు కొనకూడదు. మొదట చెవి, తరువాత లైసెన్సు, ఆ తరువాతే నోరు. ఖతార్ వాళ్ల ఉపగ్రహంలో ఉన్న క్యూఓ-100 అనే రిపీటరును ఇంగ్లండులోని గూన్‌హిల్లీ నుంచి ఇంటర్‌నెట్‌లో ఎవరైనా ఇప్పుడే వినవచ్చు. ఒక నెల అది విని, హాములు ఎలా మాట్లాడుకుంటారో తెలుసుకోవాలి. తరువాత కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాయాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లు రాయవచ్చు. లైసెన్సు లేకుండా బటన్ నొక్కితే నేరం. లైసెన్సు వచ్చినా వ్యాపారం, రాజకీయం, మత ప్రచారం అందులో మాట్లాడకూడదు. చందాల ప్రకటన చేయకూడదు. ఇది సంఘం మైకు సెట్టు కాదు.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇదెందుకు అంటారు. 2015 డిసెంబరు వానల్లో మద్రాసులో ఆ సెల్‌ఫోన్లు ఏమయ్యాయో అందరికీ తెలుసు. అలాగని, పది నిమిషాలు కనబడి పోయే ఉపగ్రహం వరదలో మనల్ని కాపాడుతుందని మేము చెప్పము. అది అబద్ధం. కాపాడేది దాని కోసం నేర్చుకున్న పని. బ్యాటరీతో సెట్టు నడపడం, తక్కువ మాటల్లో తప్పు లేకుండా కబురు చెప్పడం, విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోవడం. 2004 సునామీ వచ్చినప్పుడు హైదరాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు అండమాన్‌లో ఉన్నారు. సరదా కోసం పెట్టిన స్టేషనే ఆనాడు కబుర్లు మోసింది. నేర్చినవాళ్లు అక్కడ ఉండబట్టి.

భాషా సంఘానికి రేడియో ఎందుకు అనేదే పెద్ద ప్రశ్న. మేము తమిళ బడిలో చదివినవాళ్లం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాము. ఇంటి పనికి అక్కరకొచ్చింది కాబట్టి నిలిచింది. మా పిల్లకాయలకు తెలుగుతో ఏ పనీ లేదు. ఉగాదికి వస్తారు, భోంచేస్తారు, ఫోటో తీసుకుని పోతారు. భాషను పొగిడితే నిలవదు, పనిలో పెడితే నిలుస్తుంది. దిక్కు, ఎత్తు, వేగం, దూరం, ఈ పాఠం తెలుగులో చెబుదాం. ఏరియల్ పట్టుకున్న పిల్లవాడికి "ఇంకొంచెం పడమరకు తిప్పు నాయనా" అని తాత చెబితే, ఆ మాట వాడి చేతికి కూడా తెలుస్తుంది.

ఇంకొకటి. టెలిగ్రాఫు కీ నొక్కిన రైల్వే పెద్దలు మన సభ్యుల్లో ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవాళ్లు. ఆ చుక్కలు, గీతలు వాళ్ల వేళ్లలో ఉన్నాయి. ఆర్చి పదేళ్ల తరువాత కూడా కట్టుకోవచ్చు. వాళ్ల దగ్గర నేర్చుకునే పని అలా ఆగదు.

అందుకే సమావేశంలో మేము మూడు అడుగుతాము. గది తాళం ఇవ్వండి. ఒక పెద్దాయన, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు, ముగ్గురి పరీక్ష ఫీజు సంఘం కట్టాలి. ఆ ముగ్గురూ పాసయ్యాకే సెట్టుకు డబ్బు మంజూరు చేయండి. ఒక్కరూ పాసు కాకపోతే ఆ డబ్బుతో ఆర్చే కట్టించండి, మేము అడ్డం చెప్పము.